ఐదో అంతస్తు, నలభై సెకన్లు

మా ఆఫీసు లాల్‌దిఘీ చెరువు వెనక వీధిలో, తొమ్మిది అంతస్తుల పాత భవనంలో, ఎనిమిదో అంతస్తులో ఉంటుంది. గోడల పగుళ్లలో రావి మొక్కలు, మెట్ల మూలల్లో పాన్ ఉమ్మిన మరకలు. కింద ద్వారం పక్కనే టీ కొట్టు. వాన పడినప్పుడల్లా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి. అప్పుడు కొట్టువాడు స్టవ్వు మోసుకొచ్చి లిఫ్టుల ముందు పెట్టుకుంటాడు. ఎవరూ ఏమీ అనరు.

మేం లిఫ్టులని నడిపే సాఫ్ట్‌వేర్ రాస్తాం. తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు ఆగాలి, బరువు ఎక్కువైతే గంట ఎప్పుడు కొట్టాలి, అలాంటివి. కోల్‌కతాలో రెండు వందల పైచిలుకు లిఫ్టులు మా కోడ్ మీదే నడుస్తున్నాయి. అన్నిటికంటే ముందు మేం నడిపించినవి మా భవనంలోవే, పక్కపక్కన ఉన్న రెండు. ఏ మార్పు చేసినా ముందు వాటి మీదే చూసుకుంటాం.

నా పేరు రుచిరా సమాద్దార్. ఆ కంపెనీలో ఆరేళ్లుగా ఉన్నాను. కిందటి వేసవిలో మా యజమాని హీరక్ బాగ్చీ, అంటే మా హీరక్‌దా, కోడ్ రాసే ఏఐ అసిస్టెంట్‌ని తెప్పించారు. మొదటి వారం అందరం దాని చుట్టూ చేరి చప్పట్లు కొట్టాం. రెండో వారం తలలు పట్టుకున్నాం. తప్పు దానిది కాదు, మా డాక్యుమెంట్లది. పన్నెండేళ్ల నోట్సు ఒక పద్ధతి లేకుండా పడి ఉన్నాయి. ఒకే లిఫ్టు గురించి మూడు ఫైళ్లు, మూడూ మూడు రకాలుగా చెబుతాయి. ఏది పాతదో ఏది కొత్తదో మనిషికైతే తెలుస్తుంది. చదువుతూ చదువుతూ "ఇది పాత ఇంజినీరు నిశీథ్‌బాబు గోల" అని నవ్వుకుని వదిలేస్తాడు. అసిస్టెంట్ నవ్వుకోదు. చదివిన ప్రతి మాటనీ నమ్ముతుంది.

"రుచిరా, ఈ చెత్తంతా నువ్వే ఊడవాలి," అన్నారు హీరక్‌దా. "దానికి అర్థమయ్యేలా సర్దు. మనకి అర్థమైనా కాకపోయినా పర్లేదు."

నాకు ఆ పని నచ్చింది. ముందు ఒక చిన్న ఫైల్ పెట్టాను. అసిస్టెంట్ పని మొదలుపెట్టేముందు చదవాల్సింది అదొక్కటే. ఏ విషయం ఎక్కడుందో అందులో ఉంటుంది. ఒక్కో భవనానికి ఒక్కో ఫైల్. ఒక్కో నియమానికి మూడు వరసలు: ఏం చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి, అనుమానమొస్తే ఎవరిని అడగాలి. అసిస్టెంట్ రోజూ తాను చేసిన పనినీ గమనించిన విషయాల్నీ రాసుకోవడానికి ఇంకో ఫైల్. నాకు నేను పెట్టుకున్న సూత్రం ఒకటే. కారణం తెలియని నియమం ఉండకూడదు. కారణం తెలియకపోతే ఆ నియమం ఎప్పుడు పనికిరాకుండా పోయిందో కూడా తెలియదు కదా.

అలా సర్దుతుండగా మా భవనం నోట్సులో ఈ వాక్యం దొరికింది.

"రెండో లిఫ్ట్. ఐదో అంతస్తు. తలుపు నలభై సెకన్లు తెరిచి ఉంచాలి. తగ్గించవద్దు. ని.క."

ని.క. అంటే నిశీథ్ కర్. కంపెనీలో మొదటి ఇంజినీరు. రిటైరై చందన్‌నగర్‌లో ఉంటున్నారు. మామూలుగా తలుపు ఆరు సెకన్లు ఆగితే చాలు. నలభై సెకన్లంటే ఆ లిఫ్టులో ఉన్నవాళ్లు తిట్టుకుంటారు. పైగా ఐదో అంతస్తు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడో ఇన్సూరెన్స్ ఆఫీసు ఉండేదట. ఇప్పుడు తాళాలే మిగిలాయి.

"ఐదులో ఎవరున్నారు హీరక్‌దా?" అని అడిగాను.

"పావురాలు. వాటికి లిఫ్టు అక్కర్లేదు."

ఆ వాక్యం వల్ల నష్టం కూడా జరిగింది. అసిస్టెంట్ దాన్ని అన్ని లిఫ్టులకీ వర్తించేదనుకుని, ఒక నర్సింగ్ హోమ్‌లో ఐదో అంతస్తు తలుపుల్ని నలభై సెకన్లు తెరిచి పెట్టేసింది. స్ట్రెచర్ మీద రోగి ఉంటే తలుపు మూసుకోదు. డాక్టరు ఫోన్ చేసి హీరక్‌దాని ఏకిపారేశాడు.

నిశీథ్‌బాబుకి మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. మూడు రోజులు చూశాను. సోమవారం పొద్దున అసిస్టెంట్ అడిగింది. "ఈ నియమానికి కారణం ఎక్కడా కనిపించలేదు. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

తీసెయ్యమన్నాను. రెండు నిమిషాల్లో కోడ్ మారింది. పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. పదకొండింటికి రెండో లిఫ్టులో కొత్త కోడ్ నడవడం మొదలైంది. ఆ రోజు తృప్తిగా కింద నిలబడి వేడి వేడి బేగునీలు, అదే వంకాయ బజ్జీలు, రెండు తిన్నాను.

మంగళవారం మధ్యాహ్నం శివ్‌పూజన్ కాకా మెట్లెక్కి పైకొచ్చాడు. ఆయన మా భవనం లిఫ్ట్‌మన్. బీహార్‌లోని ఛప్రా నుంచి కుర్రాడుగా వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. లిఫ్టులు వాటంతటవే నడవడం మొదలై పన్నెండేళ్లయినా ఆయన స్టూలు అలాగే ఉంది. జీతం కూడా ఇస్తున్నారు. రోజూ మధ్యాహ్నం మూడు ఇరవైకి ఆయన రెండో లిఫ్టు తలుపు తెరిచి, కాసేపు ఆగి, లోపలికి చెయ్యి పెట్టి ఐదు నొక్కి, ఖాళీ లిఫ్టుని పైకి పంపడం నేనూ చూశాను. ముసలాయన అలవాటు అనుకున్నాను.

"దీదీ," అన్నాడు ఆయాసపడుతూ. "నిన్నటి నుంచి లిఫ్టు బోర్డులో ఐదు మీద దీపం తొందరగా ఆరిపోతోంది."

"అవును కాకా. తలుపు తొందరగా మూసుకునేలా మార్చాం. బాగుంది కదా?"

ఆయన మొహం పాలిపోయింది. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఒంట్లో బాలేదా కాకా? నీళ్లు తాగుతారా?"

"నిన్న ఎక్కింది," అన్నాడు మెల్లగా, నాతో కాదు. "ఇవాళ ఎక్కలేదు. నిలబడి చూశాను. ఎక్కలేదు."

ఇంకేం అడిగే లోపే మెట్లు దిగి వెళ్లిపోయాడు. మా కుర్చీల వరసలో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

బుధవారం అసిస్టెంట్ తన రోజువారీ ఫైల్లో ఒక మాట రాసింది. "రెండో లిఫ్ట్: ఖాళీగా ఉన్నప్పుడు బరువు సున్నా రావడం లేదు. సెన్సర్ చూడగలరు." హీరక్‌దాకి చూపించాను.

"పాత సెన్సర్. వానకి చెమ్మ పట్టి ఉంటుంది."

గురువారం సాయంత్రానికి సున్నా వచ్చేసింది. "చూశావా, దానంతటదే బాగైంది," అన్నారు.

శుక్రవారం తెల్లారి నుంచీ వాన. సెంట్రల్ ఎవెన్యూ చెరువైపోయింది. చాలామంది ఇంటి నుంచే పని చేస్తామన్నారు. ఆఫీసులో నేనూ హీరక్‌దా మిగిలాం. ఆయన తన గదిలో తలుపేసుకుని ఫోన్లో ఉన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకే దీపాలు వేసుకోవాల్సినంత చీకటి. కిటికీ అద్దాల మీద నీళ్లు ధారగా జారుతున్నాయి.

ముందు వాసన వచ్చింది.

మాడిన పాలు, అల్లం. దాని కింద ఇంకేదో... తడిసిన బట్ట ఆరకుండా మూలన పడి ఉంటే వస్తుందే, ఆ వాసన. కింద టీ కొట్టు నుంచి అనుకున్నాను. ఎనిమిది అంతస్తులు ఎక్కి రాదని తర్వాత తోచింది.

ఆ తర్వాత చప్పుడు. నా వెనక, బీరువాల అవతల. రబ్బరు చెప్పు నేల మీద పడ్డట్టు.

చప్.

తలెత్తాను. ఏమీ లేదు. మళ్లీ పనిలో పడ్డాను. నిమిషం గడిచింది.

చప్.

ఈసారి దగ్గరగా. నడకలో ఒక అడుగు తర్వాత రెండో అడుగు పడుతుంది కదా. ఇది పడడం లేదు. ఒక్క అడుగు... చాలాసేపు ఏమీ లేదు... మళ్లీ అదే అడుగు. లేచి బీరువాల వెనక్కి వెళ్లి చూశాను. నేల మీద తడి అచ్చులు. అరిగిపోయిన హవాయి చెప్పువి. తలుపు దగ్గర మొదలై గోడ వెంట వరసగా నా కుర్చీ వైపు వచ్చాయి.

అన్నీ ఎడమ కాలివే.

నా కుర్చీలోకి ఎలా వచ్చి పడ్డానో గుర్తు లేదు. కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను. అలాగే అసిస్టెంట్‌కి రాశాను. రెండో లిఫ్టు బరువు రికార్డులు సోమవారం నుంచీ చూసి చెప్పమన్నాను.

అది చెప్పింది. ఎప్పటిలాగే నెమ్మదిగా, మర్యాదగా.

"సోమవారం మధ్యాహ్నం 3:20కి కింద 38 కిలోలు ఎక్కాయి. ఐదో అంతస్తులో తలుపు 6 సెకన్లు తెరుచుకుంది. ఆ సమయంలో 14 కిలోలు దిగాయి. 24 కిలోలు లోపలే ఉండిపోయాయి. మంగళవారం మూడో అంతస్తులో 6 కిలోలు దిగాయి. బుధవారం ఆరో అంతస్తులో 9 కిలోలు దిగాయి. గురువారం ఎనిమిదో అంతస్తులో 9 కిలోలు దిగాయి. ప్రస్తుతం లిఫ్టు ఖాళీ."

అంతకు ముందు? అని అడిగాను.

"రికార్డులు ఉన్నంత వరకు ప్రతి పనిరోజూ 3:20కి కింద 38 కిలోలు ఎక్కాయి. ఐదో అంతస్తులో 33 నుంచి 39 సెకన్లలో కొద్దికొద్దిగా దిగాయి. పైకి వెళ్లినవి 2,914 సార్లు. కిందికి వచ్చినట్టు ఒక్కసారి కూడా రికార్డు లేదు."

అప్పుడే ఫోన్ మోగింది. నా నోట్లోంచి కేక వచ్చేసింది. చందన్‌నగర్ నంబరు.

"ఎవరమ్మా, రుచిరావా?" నిశీథ్‌బాబు గొంతు బాగా నీరసించిపోయింది. "కంటి ఆపరేషన్ చేశారు. ఇవాళే నీ మెసేజ్ మా కోడలు చదివి వినిపించింది. నలభై సెకన్ల సంగతి అడిగావట."

"అవును నిశీథ్‌బాబు. నేను..."

"తీసెయ్యలేదు కదా?"

"తీసేశాను."

"ఎప్పుడు?"

"సోమవారం."

"అయ్యో తల్లీ," అన్నారాయన.

తర్వాత ఆయన చెప్పింది గుసగుసగానే చెప్పారు, ఇంట్లోవాళ్లు వినకూడదన్నట్టు. ఇన్సూరెన్స్ ఆఫీసులో టీ పోసే ముసలావిడ ఒకతె ఉండేది. అందరూ ఖాంతో మాషి, అంటే ఖాంతో పిన్ని, అనేవాళ్లు. పక్షిలాంటి మనిషి. మోకాళ్లు వంగేవి కావు. కింది నుంచి కెటిల్ మోసుకుని రోజూ మూడు ఇరవైకి లిఫ్టెక్కేది. అప్పట్లో చేత్తో నడిపే లిఫ్టు, మడత ఇనుప తలుపు. ఒకరోజు ఎనిమిదో అంతస్తు నుంచి ఎవరో దొరగారు ఆపకుండా గంట కొడుతున్నాడు. ఆవిడ ఐదులో దిగుతోంది. ఒక కాలు బయట పెట్టింది. లిఫ్ట్‌మన్ ఆమె దిగిపోయిందనుకుని పిడి తిప్పేశాడు.

"లిఫ్ట్‌మన్..." అన్నాను.

"శివ్‌పూజనే. మేం కొత్త యంత్రం పెట్టిన రోజు నా కాళ్లు పట్టుకున్నాడు. 'బాబూ, ఆమె ఇంకా వస్తోంది, దిగేదాకా తలుపు ఆపండి' అని. నేను నమ్మలేదు. బరువు చూశాక నమ్మాను. ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టి నలభై అని రాశాను."

"కారణం రాసి ఉంటే నేను ముట్టుకునేదాన్ని కాదు నిశీథ్‌బాబు." నాకు ఏడుపొచ్చింది. "ఎందుకు రాయలేదు?"

"రాస్తే ఎవరో ఒకరు చూడ్డానికి వెళ్తారు కదమ్మా."

లైను తెగిపోయింది.

నా కుర్చీ కింద, చాలా దగ్గరగా... చప్.

లాప్‌టాప్ పట్టుకుని బయటికి పరిగెత్తాను. మెట్ల మీదుగా ఎనిమిది అంతస్తులూ దిగాను. కింద చీలమండల దాకా నీళ్లు. శివ్‌పూజన్ కాకా స్టూలు మీద కాళ్లు పైకి పెట్టుకుని రెండో లిఫ్టు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"కాకా, నాకు తెలిసిపోయింది," అన్నాను. "నిశీథ్‌బాబు చెప్పారు."

ఆయన నా వైపు చూడలేదు. "మళ్లీ అదే చేశాం దీదీ. అప్పుడు నా చెయ్యి. ఇప్పుడు మీ చెయ్యి."

ఆ మాట ఈ రోజుకీ నా గుండెలో గుచ్చుకునే ఉంది.

అక్కడే గోడకి ఆనుకుని నియమం మళ్లీ పెట్టాను. ఈసారి అన్ని అంతస్తులకీ నలభై. అసిస్టెంట్ అడిగింది: "కారణం ఏమని రాయమంటారు?" తర్వాత రాస్తానన్నాను. గడియారం చూస్తే మూడు పదిహేడు.

"ఎక్కడెక్కడ దిగిందో ఆ అంతస్తులన్నిటిలో ఆపుదాం," అన్నాను. "ఎక్కించుకుని ఐదులో దింపుదాం."

"మీరొద్దు. నేను వెళ్తాను."

"బరువు చూడాలి కదా. ఎక్కిందో లేదో మీకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," అన్నాడు. కానీ నేను లోపలికి వచ్చేశాను. ఆయన ఆపలేదు.

లాప్‌టాప్ తెర మీద బరువు అంకె: నూట పదిహేడు. నేనూ ఆయనా.

మూడో అంతస్తు. తలుపు తెరుచుకుంది. లాయర్ల ఆఫీసులు, అన్నీ మూసి ఉన్నాయి. వరండాలో ఎక్కడో పైకప్పు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. పది సెకన్లు. ఇరవై. నూట పదిహేడు. కాకా చేతులు జోడించి నిలబడ్డాడు. "మాషీ, రా," అన్నాడు. "తొందరేం లేదు."

నూట పద్దెనిమిది. నూట ఇరవై. నూట ఇరవై మూడు.

మా ఇద్దరి మధ్య కొంచెం చోటు ఉంది. నేను గోడకి అతుక్కుపోయాను.

ఆరో అంతస్తు. నూట ముప్పై రెండు. వాసన ఇప్పుడు ఊపిరాడనీయడం లేదు. అల్లం, మాడిన పాలు, తుప్పు.

ఎనిమిదో అంతస్తు. తలుపు తెరుచుకుంది. మా వరండా ఖాళీ. తడి అడుగులు... ఒక్క కాలివి... మా ఆఫీసు గుమ్మంలోంచి లిఫ్టు వైపు తిరిగి ఉన్నాయి. చూస్తుండగానే ఇంకో అడుగు పడింది. చప్. ఆగింది. లిఫ్టుకి ఇంకా నాలుగు గజాల దూరం.

"ఆగండాగండి!" హీరక్‌దా. సంచి భుజాన వేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, పరుగున వచ్చి ఆ అడుగుల మీదుగానే దూకి లోపలికి వచ్చేశారు. "హమ్మయ్య! కారు మునిగిపోయేలా ఉందట, డ్రైవరు గోల పెడుతున్నాడు. ఏంటి, ఇద్దరూ ఇలా నిలబడ్డారు?"

ఆయన వేలు తలుపు మూసే మీట మీద ఉంది.

"నొక్కకండి!" అని అరిచాను. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"పిచ్చా నీకు? వదులు!"

"సాబ్," అన్నాడు కాకా. ఆ గొంతు ఆయనది అనిపించలేదు. "గంట కొట్టకండి. ఆవిడ ఎక్కుతోంది."

హీరక్‌దా నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. కిందికి చూసుకున్నారు. ఆయన ప్యాంటు ఎడమ మోకాలి దగ్గర గుడ్డ లోపలికి నొక్కుకుపోయింది. ఎవరో ఒరిగి ఆనుకున్నట్టు. అక్కడి నుంచి తడి మెల్లగా పాకుతోంది.

"రుచిరా," అన్నారు సన్నగా. "ఏంటిది?"

"కదలకండి."

ఆయన ఎక్కాక రెండు వందల పదహారు ఉన్న అంకె పైకి పాకి రెండు వందల ఇరవై అయిదు అయింది. తలుపు మూసుకుంది.

ఏడు. ఆరు. ఐదు.

తలుపు తెరుచుకుంటే చీకటి. దూరంగా పగిలిన కిటికీలోంచి వాన వెలుతురు మాత్రం. తాళాలేసిన తలుపులు, దుమ్ము, పావురాల రెట్టలు. ఆ దుమ్ము మధ్యలో సన్నటి దారి ఒకటి ఉంది. రోజూ ఎవరో నడిచే దారిలా శుభ్రంగా.

ఇరవై రెండు. ఇరవై ఒకటి... కాదు, రెండు వందల ఇరవై రెండు. రెండు వందల ఇరవై ఒకటి. అంకెలు నా కళ్ల ముందు కలిసిపోతున్నాయి. రెండు వందల పదహారు. పన్నెండు. రెండు వందల ఎనిమిది.

రెండు వందల అయిదు.

అక్కడ ఆగిపోయింది. మా ముగ్గురి బరువు రెండు వందల ఒకటి. ఇంకా నాలుగు ఉంది. ముప్పై ఒక్క సెకన్లు. ముప్పై అయిదు. అంకె కదలడం లేదు. ముప్పై ఎనిమిది.

తలుపు తెరిచే మీట నొక్కి పట్టుకున్నాను. నలభై దాటింది. యాభై. వేలు తిమ్మిరెక్కింది. తియ్యలేదు. కాకా ఏడుస్తున్నాడు. "క్షమించు మాషీ. ఎన్నిసార్లయినా అడుగుతాను. క్షమించు."

అప్పుడు నా మణికట్టు మీద ఏదో పడింది.

చల్లగా. తడిగా. వేళ్లు... సన్నటి వేళ్లు, ఎముకలే. బస్సు దిగే ముసలివాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారే, అలా పట్టుకున్నాయి. నా మీద భారం వేశాయి. నేను చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ధైర్యంతో కాదు. నాలో కదిలే శక్తి లేదు.

భారం తగ్గింది. వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి.

రెండు వందల ఒకటి.

చీకట్లో అడుగులు వినిపించాయి. చప్, చప్. చప్, చప్. రెండు కాళ్లవీ. దూరమవుతూ, దూరమవుతూ... ఎక్కడో కెటిల్ మూత గలగలలాడింది.

కిందికొచ్చాక హీరక్‌దా నీళ్లలో అలాగే నిలబడిపోయారు. గొడుగు విప్పలేదు. ఆ రోజు గురించి ఆయన ఇప్పటి వరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎనిమిది అంతస్తులూ మెట్లెక్కే వస్తున్నారు. శివ్‌పూజన్ కాకా సోమవారం నుంచీ మళ్లీ మూడు ఇరవైకి లిఫ్టు పంపుతున్నాడు. ముప్పై ఎనిమిది ఎక్కుతోంది, ముప్పై ఎనిమిది దిగుతోంది. నా మణికట్టు మీద నాలుగు నల్లటి మచ్చలు ఇంకా పోలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ నేను ఇంతవరకు చెప్పనిది ఒకటుంది.

ఆ సోమవారం నేను తీసేయమన్నది ఆ ఒక్క వాక్యాన్నే కాదు. నా సూత్రం ప్రకారం, కారణం రాయని నియమాలన్నిటినీ ఒకే దెబ్బతో తీయించాను. మా భవనం భయంలో పడి మిగతావి మర్చేపోయాను. ఈ బుధవారం, అంటే ఇవాళ, పదో రోజున, గుర్తొచ్చింది. పాత ఫైళ్లు తెరిచి వెతికితే ఇంకో ఆరు దొరికాయి. అన్నిటి కిందా ని.క. అనే ఉంది.

శ్యామ్‌బజార్ ఫ్లాట్లు: "ఆరో అంతస్తు నుంచి ఖాళీగా కిందికి రావద్దు." ఒక నర్సింగ్ హోమ్, మూడో లిఫ్ట్: "లోపలి దీపం ఎప్పుడూ ఆర్పవద్దు." ఇలాంటివే ఇంకో మూడు. వెంటనే ఈ ఐదూ తిరిగి పెట్టించాను. నిశీథ్‌బాబుకి ఫోన్ చేశాను. ఆయన కోడలు ఎత్తింది. ముందురోజు రాత్రి నిద్రలోనే పోయారట.

ఆరో నియమం ఖిదిర్‌పూర్‌లో ఒక గిడ్డంగిది. సరుకుల లిఫ్ట్. "ఒక్కసారి నొక్కితే వెళ్లవద్దు. రెండుసార్లు నొక్కితేనే వెళ్లాలి."

అది మాత్రం తిరిగి ఎక్కలేదు. లిఫ్టు మా పిలుపుకి జవాబివ్వడం లేదు. గిడ్డంగి వాచ్‌మన్‌కి పొద్దున్నుంచి పదిసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

దాని రికార్డులు చూడమని అసిస్టెంట్‌కి చెప్పాను. అది రాసిన జవాబు ఇంకా నా ముందు తెర మీదే ఉంది.

"నియమం తీసిన నాటి నుంచి ప్రతి రోజూ ఒక్కసారి నొక్కిన పిలుపు ఒకటి వచ్చింది. పిలుపు వచ్చిన అంతస్తు: నేల అడుగున నాలుగోది. భవనం ఫైలు ప్రకారం ఈ భవనానికి నేల అడుగున అంతస్తులు లేవు. తొమ్మిది రోజులూ లిఫ్టు వెళ్లి, ఖాళీగా తిరిగి వచ్చింది. ఇవాళ ఉదయం 6:05కి వెళ్లేటప్పుడు లోపల 72 కిలోలు ఉన్నాయి. ఇంకా తిరిగి రాలేదు."